ఎంజైమ్ వేయని ట్యూబు

ఎల్.బి.నగర్,
జూన్ 16

తన్మయీ,

నీ మెసేజీలు చూశాను. ఫోన్ ఎత్తను. కోపంలో నాకు నోరు పెగలదు, నీకు నోరు ఆగదు. అందుకని స్కూల్లో సిస్టర్ లియోనీ పెట్టిన పద్ధతికే వెళ్తున్నాను. తగువుపడ్డ పిల్లలు మాట్లాడుకోకూడదు. కాగితం మీద రాసుకోవాలి. అవతలి పిల్ల రాసింది చివరిదాకా చదివాకే జవాబు రాయాలి. అప్పట్లో నువ్వు పేజీలు నింపేదానివి. నేను రాసినదాంట్లో సగం కొట్టేసేదాన్ని.

అక్క కాన్పుకి ఊరెళ్లి వచ్చేసరికి మన పరిశోధన పేపరుకి నువ్వు రాసిన డ్రాఫ్టు నా మెయిల్లో ఉంది. మన ఇద్దరి పేర్లు సమానంగా ముందు, గైడు కాబట్టి సాంబమూర్తి గారిది చివర. జర్నల్‌కి పంపాలంటే రచయితలందరూ ఒప్పుకోవాలి. "ఓకే అని కొట్టు చాలు" అన్నావు. కొట్టను.

ఎందుకో రాస్తాను. ఇందులో నీకు తెలియనిది ఏమీ లేదు. కానీ డ్రాఫ్టు చదివితే తెలియదేమో అనిపించింది.

చక్కెరను వాడుకోవాలంటే కణం ముందు దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించాలి. మన ఒంట్లోని ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఏటీపీ అనే అణువు దగ్గర తీసుకుంటుంది. ఏటీపీకి మూడు ఫాస్ఫేట్లు, ఏడీపీకి రెండు. సముద్రం అడుగున మరిగే నీళ్లలో బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవులు కొన్ని ఏటీపీని పక్కనపెట్టి ఏడీపీ దగ్గర తీసుకుంటాయి. ఈ అలవాటు వాటికి ఎప్పుడు, ఎలా వచ్చిందన్నది మన ప్రశ్న. ఇప్పుడున్న ఎంజైమ్‌లను పోల్చి, వాటన్నిటి ముత్తవ్వ ఎలా ఉండి ఉంటుందో నువ్వు కంప్యూటర్లో లెక్కగట్టావు. నేను ఆ ముత్తవ్వను బ్యాక్టీరియాలో తయారు చేయించి, శుద్ధి చేసి, ఫ్రీజర్లో పెట్టి ఊరెళ్లాను. నేను లేనప్పుడు నువ్వు పరీక్షించావు. ఏడీపీతో పని చేసింది. సంతోషం. ఏటీపీతో కూడా పని చేసిందని రాశావు. "ముత్తవ్వ రెండూ తినేది, మనవరాళ్లు ఒకటే తింటున్నారు" అన్న మాట మీద పేపరంతా నిలబెట్టావు.

పరీక్ష చేసింది ఎనభై అయిదు డిగ్రీల వేడిలో. ఆ వేడిలో ఏటీపీ తనంతట తనే విరుగుతుంది. మూడో ఫాస్ఫేట్ రాలిపోతుంది. మిగిలేది ఏడీపీ. నువ్వు పెట్టింది ఏటీపీ. ముత్తవ్వ తిన్నది ఏడీపీ కాదని ఎలా తెలుసు?

ఎంజైమ్ వేయకుండా ఏటీపీ ఒక్కదాన్నే వేడిలో పెట్టి, ఎంత విరిగిందో చూశావా? ఆ ట్యూబు నీ డ్రాఫ్టులో ఎక్కడా లేదు. చూసి ఉంటే ఫలితం పంపు. చూడకపోతే ఇప్పుడు చూడు. అంతదాకా నా పేరుతో ఆ వాక్యం వెళ్లదు.

రూబీ


దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 24

రూబీ సిస్టర్ గారికి,

మూడు మెట్రో స్టేషన్ల దూరానికి పోస్టులో ఉత్తరమా! మా అమ్మ శుభలేఖ అనుకుని, మూలల్లో పసుపు ఏదీ అని తిప్పి తిప్పి చూసింది. నువ్వు రాశావని చెప్తే, "ఆ పిల్ల మనింటికొస్తే మంచినీళ్లు కావాలని కూడా నోరు తెరిచి అడగదు కదే, ఇన్ని పేజీలు ఎలా రాసింది?" అంది. తిట్టాలంటే రాస్తుందమ్మా అన్నాను.

నేను ఎలా చేశానో చెప్తాను విను. వేడిగా ఉన్నదాంట్లో చల్లటిది పోస్తే వేడి పడిపోయి రీడింగులు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకని ఏటీపీ, చక్కెర, లవణాలు అన్నీ కలిపి పొద్దున్నే వేడినీళ్ల బాత్‌లో పెట్టేస్తాను. క్యాంటీన్లో టీ తాగొచ్చేసరికి మిక్స్ సిద్ధం. ఆఖర్న ఎంజైమ్, మా అమ్మ చారులో పోపు వేసినట్టు. దీంట్లో తప్పేంటే? ఆ గ్రాఫు చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది. నువ్వు చేసినప్పుడు ఎప్పుడైనా అంత తిన్నగా వచ్చిందా?

విరుగుతుందన్నావు, విరగదని నేను అనడంలేదు. ఎంత విరుగుతుంది? చిటికెడు. సాంబమూర్తి గారిని కూడా అడిగాను. "ఆ అమ్మాయికి భయం జాస్తి. రివ్యూయర్లు అడిగితే అప్పుడు చూసుకుందాం" అన్నారు. మన గైడు ఆయన, నువ్వు కాదు.

నీకు తెలుసుగా, ఆగస్టులో నాకు కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది. పేపరు పంపాం అని చెప్పుకోగలగాలి. మా నాన్నగారు రోజూ టిఫిన్ దగ్గర మొదలెడతారు. "బ్యాంకులో అందరూ అడుగుతున్నారమ్మా, మీ అమ్మాయి ఇంకా ఏం చదువుతోందని. వేడినీళ్లలో పురుగుల గురించని చెప్తే నవ్వుతున్నారు." పురుగులు కావు నాన్నా అని చెప్పడం కూడా మానేశాను. నీకా బాధ లేదు. నిన్నెవరూ అడగరు. మీ నాన్నకి నువ్వేం చేసినా గొప్పే.

ఓకే అని కొట్టు. రెండక్షరాలు.

తన్మయి


ఎల్.బి.నగర్,
జూలై 7

తన్మయీ,

నువ్వు చూడలేదు కాబట్టి నేనే చూశాను. నువ్వు ల్యాబ్‌కి రాని రోజు చేశాను. అచ్చంగా నీలాగే. ఏటీపీ మిక్స్ పొద్దున్నే బాత్‌లో పెట్టాను. క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగాను. తిరిగొచ్చి, ఎంజైమ్ వేయకుండానే కొలిచాను.

ఏడీపీ ఉంది. చిటికెడు కాదు. నీ ముత్తవ్వ ఎంత తిన్నదని రాశావో, దానికి సరిపోయేంత ఉంది.

తర్వాత తిరగేసి చేశాను. ఏటీపీని మంచులో ఉంచి, మిగతావన్నీ వేడి చేసి, ఆఖర్న ఏటీపీ చుక్క వేశాను. మొదట ఏమీ లేదు. గ్రాఫు నేల మీద పాకింది. ఆ తర్వాత, ట్యూబులో ఏటీపీ విరుగుతున్న కొద్దీ, మెల్లగా లేచింది. అంటే ఎంజైమ్ ఎదురుచూస్తోంది. దానికి కావలసింది తయారయ్యేదాకా ఆగుతోంది. ముత్తవ్వ కూడా ఏడీపీయే తినేది. మొదటినుంచీ అంతే.

ఇంకొకటి. అదే ముత్తవ్వ గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ పెడుతోంది, చక్కెర విరిగే దారిలో ఇంకాస్త ముందుకెళ్లాక వచ్చే ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్‌కి కూడా పెడుతోంది. ఈనాటి మనవరాళ్లలో ఆ రెండు పనులూ ఇద్దరివి. అప్పుడు ఒక్కతే చేసేది. జీను రెండు కాపీలయ్యాక పని పంచుకున్నారు. అసలు కథ అది. అది నీ పట్టికలోనే ఉంది. దానికి ఒక్క లైను ఇచ్చావు. అబద్ధానికి నాలుగు పేజీలిచ్చావు.

అబద్ధం అన్నచోట ముందు పొరపాటు అని రాసి కొట్టేశాను. చూడమని చెప్పాక కూడా చూడకపోతే అది పొరపాటు కాదు.

కవరు అంటిస్తుంటే నాన్న చూశాడు. "ఏంది బిడ్డా, మెట్రో ఎక్కితే గంతల పోతవ్. గీ ఉత్తరాలేంది? ఆ పిల్లతోని కొట్లాటైందా?" అన్నాడు. అయిందన్నాను. "పోయి తిట్టిరారాదు? తిట్టుడు ఒడుస్తది, ఇంత అన్నం తింటవ్." అమ్మ లోపలినుంచి, "దానికి తిట్టొస్తే ఇంకేంది, గట్ల మూలకు కూసుంటదా?" అంది.

నన్నెవరూ అడగరని రాశావు. ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద అడుగుతారు. "ఇంకా సదువేనా బిడ్డా, కొలువు ఎప్పుడు జేస్తవ్?" అంటారు. వాళ్లకి ఆర్కియా గురించి చెప్పడం నాకు రాదు. నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషివి నువ్వు. ఆ మనిషి నాతో 'రెండక్షరాలు' అంటోంది.

రూబీ


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 27

రూబీకి,

పేపరు పంపేశాం. నీ ఒప్పుకోలు అక్కర్లేకుండా పైనుంచి నీ పేరు తీసేశాం. కింద కృతజ్ఞతల్లో పెట్టాం, 'ఎంజైమ్‌ను శుద్ధి చేసి ఇచ్చిన రూబీకి' అని. నీ పేరుతో ఆ వాక్యం వెళ్లకూడదన్నావు. వెళ్లలేదు.

ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం వచ్చింది. కాలేజీ బాలాపూర్ దాటాక. వినాయకుడి లడ్డూ వేలం అయ్యాక చేరమన్నారు, అప్పటిదాకా ఆ రోడ్డు మీద మనిషి దూరడట. అమ్మ కాలనీ అంతా స్వీట్లు పంచింది. మీ ఇంటికి కూడా డబ్బా కట్టింది. నేనే వద్దన్నాను.

ఇంక రాయకు.

తన్మయి


ఎల్.బి.నగర్,
సెప్టెంబరు 12

తన్మయీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

'శుద్ధి చేసి ఇచ్చిన.' ఎలా శుద్ధి చేశానో నీకు గుర్తు చేస్తాను. బ్యాక్టీరియాను పగలగొట్టి ఆ ముద్దను వేడి చేస్తే, బ్యాక్టీరియా ప్రొటీన్లన్నీ విరిగిన పాలలా తెల్లగా గడ్డకట్టి అడుక్కి దిగిపోతాయి. మరిగే నీళ్లకు పుట్టింది కాబట్టి ముత్తవ్వ ఒక్కతే పైన తేటలో నిలబడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు మనిద్దరం ట్యూబును కిటికీ వెలుగుకి పట్టుకుని ఎంతసేపు చూశామో. ఆ తేట నీ చేతికిచ్చి ఊరెళ్లాను. నువ్వు దాన్ని బురద చేసి, బురద కింద నాకు కృతజ్ఞతలు చెప్పావు. నీ కృతజ్ఞత నాకు అక్కర్లేదు. అక్కడినుంచి కూడా నా పేరు తియ్యి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉద్యోగం ఉంది, స్వీట్లున్నాయి, లడ్డూ ఉంది. నేను రాసిన ట్యూబు గురించి ఒక్క మాట లేదు. నాతో వాదించకుండా నువ్వు ఏ రోజూ ఊరుకోలేదు. సిస్టర్ లియోనీ వచ్చి బల్ల మీద కొట్టినా ఆపేదానివి కాదు. ఈసారి ఊరుకున్నావంటే నీకు తెలుసు. నేను చెప్పకముందే తెలుసేమో కూడా.

జర్నల్ ఎడిటర్‌కి ఒక మెయిల్ రాసి పెట్టుకున్నాను. ట్యూబు ఫలితాలన్నీ జతచేశాను. ఇంకా పంపలేదు. నీకు చెప్పకుండా పంపితే నీకూ నాకూ తేడా ఉండదు. దసరాలోపు నీ అంతట నువ్వు ఆ పేపరు వెనక్కి తీసుకో. తీసుకోకపోతే పంపుతాను. ఇది బెదిరింపే. వేరే పేరు పెట్టను.

రూబీ


దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 19

రూబీ,

అవునే, తెలుసు. నీ మొదటి ఉత్తరానికి వెక్కిరిస్తూ జవాబు రాసి పోస్టు చేసిన మర్నాడే ఆ ట్యూబు పెట్టాను. ఏడీపీ కనిపించింది. ట్యూబు కడిగి స్టాండులో బోర్లించి, ఇంటికెళ్లి అన్నం తిన్నాను. అన్నం సహించింది కూడా. అప్పుడు తెలిసింది నేనెలాంటిదాన్నో. నీ రెండో ఉత్తరం వచ్చేసరికి ఇంక దాచడం అలవాటైపోయింది.

పేపరు వెనక్కి తీసుకున్నాను. నీ బెదిరింపుకి భయపడి కాదు. భయపడ్డాననే అనుకో, నాకేం. సాంబమూర్తి గారు నాతో మాట్లాడటంలేదు. నమస్కారం పెడితే గోడ గడియారం వైపు చూస్తున్నారు.

అసలు సంగతి వినలేదు నువ్వు. ఇంటర్వ్యూలో ఇంద్రాణి గారని ఒక పెద్దావిడ ఉన్నారు. నేను ఏటీపీ గురించి గొప్పగా చెప్తుంటే మధ్యలో ఆపి, "కంట్రోల్ పెట్టావా అమ్మా?" అన్నారు. కంట్రోల్ అంటే ఆ ఎంజైమ్ వేయని ట్యూబే, ఈవిడకి ఎలా తెలిసింది అనుకున్నాను. "పెట్టాను మేడమ్, ఏమీ రాలేదు" అన్నాను. ఆవిడ తలూపారు. ఆ అబద్ధం మీద ఉద్యోగం ఇచ్చారని రోజూ బస్సులో అనుకుంటూనే వెళ్లొచ్చాను. పేపరు వెనక్కి తీసుకున్న రోజున ఇంక ఉండబట్టలేక ప్రిన్సిపాల్ గోపయ్య గారి గదికి వెళ్లి అంతా చెప్పేశాను. ఉద్యోగం పోయినా సరే అనుకునే వెళ్లాను.

ఆయన నవ్వాడే.

"గంతేనా మేడమ్? ఇంద్రాణి మేడమ్ అందర్నీ గదే అడుగుతది. మొన్న తెలుగు పోస్టుకు ఒచ్చినాయన్ని గూడ కంట్రోల్ పెట్టినవా అనడిగింది. పిల్లల్ని మస్తు కంట్రోల్ల పెడ్త మేడమ్ అన్నడు. తీసుకున్నం."

"సార్, నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"జర పరేషాన్ గాకున్రి. మీరు చెప్పేది ఫస్టియర్ పిల్లలకు. గీ ఆర్కియా గీర్కియా సిలబస్ల లేదు. సోమారం టైముకు రాండ్రి, గంతే."

తిట్టినా బాగుండేది, రూబీ. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాను. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది, ఎక్కలేదు. నేను ఏదైతే కడిగేశానో, ఏదైతే దాచి రోజూ చచ్చానో, ఆ ట్యూబు ఈ ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. నీ ఒక్కదానికే కావాలి. అందుకే నీ మీద ఇంత కోపం. నువ్వొక్కదానివి కూడా వదిలేసి ఉంటే నేను హాయిగా ఉండేదాన్ని.

తన్మయి


ఎల్.బి.నగర్,
నవంబరు 3

తన్మయీ,

ఎవరికీ అక్కర్లేదన్నావు. ఆ ఎవరికీలో నువ్వు కూడా ఉన్నావా? నీకు అక్కర్లేకపోతే కడిగిన ట్యూబును ఇన్నాళ్లు మోసేదానివి కాదు.

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. నాది నా దగ్గర ఉంది. పని మాట్లాడతాను.

పేపరు వెనక్కి తీసుకుంటే సరిపోదు. వెనక్కి తీసుకున్న పేపరును ఎవరూ చదవరు. ఇంకో ఊళ్లో, ఇంకో ల్యాబ్‌లో, ఇంకో అమ్మాయి పొద్దున్నే ఏటీపీని బాత్‌లో పెట్టి టీకి వెళ్తుంది. గ్రాఫు తిన్నగా వచ్చిందని మురిసిపోతుంది. ఆ అమ్మాయికి తెలియాలి. కాబట్టి పేపరు మళ్లీ రాయాలి. ముత్తవ్వ రెండు పనులు చేసేదన్నది ముందు రావాలి. ఏటీపీ విషయంలో ఎక్కడ తప్పు జరిగిందో ఫలితాల్లోనే, అందరికీ కనపడేలా రావాలి. అట్టడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఆ పేరా నువ్వే రాయాలి. నేను రాస్తే నిన్ను తిట్టినట్టు ఉంటుంది.

సాంబమూర్తి గారి గురించి కంగారు పడకు. నేను వెళ్లాను. ఇంటి దగ్గరనుంచి అనుకుంటూ వెళ్లిన మాటలన్నీ ఆయన తలుపు తీసేసరికి పోయాయి. "సార్, ట్యూబు చూడండి" అన్నాను. అంతే వచ్చింది. ఫలితాల కాగితాలు బల్ల మీద పెట్టాను. "అమ్మాయ్, నీకు పేపరు కావాలా, గొడవ కావాలా?" అన్నారు. కాగితాలు ఆయన వైపు జరిపాను. "కూర్చో" అన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే వదిలేస్తానని భయం వేసింది. ఆయన ఒక కాగితం చూశారు. తర్వాత అన్నీ చూశారు. "ఇది ముందే ఎందుకు పెట్టలేదు మీరు?" అని కేకలేశారు, నేనేదో దాచినట్టు. నేను ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయనే కళ్లు దించుకుని, "సరే, మళ్లీ రాయండి" అన్నారు.

ఆ పేరా పంపు. అది చూశాకే నా పేరు ఉంచాలా తీసెయ్యాలా చెప్తాను.

రూబీ


దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 25

రూబీ,

రాశాను. ఇంగ్లీషుది మెయిల్లో ఉంది. ఇక్కడ తెలుగులో కూడా రాస్తున్నాను. తెలుగులో పెడితే ఎక్కడెక్కడ తప్పించుకున్నానో నాకే కనిపిస్తోంది. ఇప్పటికే రెండు చోట్ల దిద్దాను.

"ఈ ఎంజైమ్ ఏటీపీని కూడా వాడుకుంటుందని మొదట అనుకున్నాం. అది తప్పు. ముందుగా వేడి చేసి ఉంచిన ఏటీపీతో కనిపించిన చర్య కొంతవరకు, ఆ ఏటీపీ విరిగి పుట్టిన ఏడీపీ వల్ల వచ్చింది. ఎంజైమ్ వేయని ట్యూబులో కూడా అంతే ఏడీపీ కనిపించింది. ఏటీపీని మంచులో ఉంచి ఆఖర్న కలిపినప్పుడు చర్య వెంటనే మొదలు కాలేదు. ఇటువంటి పరీక్షల్లో ఎంజైమ్ లేని ట్యూబును తప్పనిసరిగా పెట్టాలి."

ఒక చిక్కుంది. ఇంగ్లీషులో 'వీ' అని రాశాను. తప్పు నాది. 'ఐ' అనాలి. కానీ ముగ్గురి పేర్లున్న పేపర్లో 'ఐ' అంటే ఎవరని అడుగుతారు. తెలుగులో అయితే ఇంకా ఇరుకు. 'మేం' అని రాస్తే నేనూ సారూ, నువ్వు లేవు. నువ్వు లేవన్నది నిజమే, కానీ అలా రాస్తుంటే మళ్లీ నీ పేరు తీసేసినట్టుంది. 'మనం' అని రాస్తే నేను చేసింది నీ నెత్తిన కూడా పెట్టినట్టు. అందుకే పైన చూడు, రెండూ రాయకుండా 'అనుకున్నాం' అని దాటేశాను. ఇంగ్లీషులో ఎంచక్కా దాక్కోవచ్చు. నిన్నడక్కుండా దాక్కోదల్చుకోలేదు. ఏదంటే అదే పెడతాను.

తన్మయి


ఎల్.బి.నగర్,
డిసెంబరు 1

తన్మయీ,

చదివాను.

'కొంతవరకు' తీసెయ్. కొంతవరకు కాదు, మొత్తం. మిగతాది బాగుంది. 'అది తప్పు' అన్న వాక్యాన్ని ఎవరు అడిగినా మార్చకు, సార్ అడిగినా సరే.

ఇక 'మేం', 'మనం' గురించి. నా చెయ్యి అందులో లేదు. నేను ఊళ్లో అక్క దగ్గర ఉన్నాను. చూడమని రాశాను, చూశాక చెప్పాను, వద్దన్నాను, నా పేరు పోగొట్టుకున్నాను. అయినా 'మనం' అని రాయమని చెప్పడానికి నాకు నాలుగు రోజులుగా ఒళ్లు మండుతోంది. కానీ ముత్తవ్వ గురించిన మంచి మాట మీద నా పేరు ఉండాలంటే, చెడ్డ మాట మీద కూడా ఉండాలి. ఒకదానికి ఉండి ఒకదానికి లేనంటే అదీ దాక్కోవడమే.

మనం అనుకున్నాం. మనం తప్పు చేశాం. అలాగే ఉంచు.

కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలియదు.

నా పేరు ఉంచు. ఒప్పుకుంటున్నాను.

రూబీ